పొగ పోయే దారిలోనే నీళ్లొస్తాయి

ఈ నెల ప్రశ్నల్లో తెరచాపల గురించి ఒక్కటీ లేదు, అందరిదీ ఎగ్జాస్ట్ గోలే. మంచిదే. ఆయిల్ మారుస్తాం, ఫిల్టర్లు మారుస్తాం, తీరిక దొరికితే ఇంజన్‌కి రంగు కూడా వేస్తాం గానీ దాని వెనకనుంచి చీకట్లోకి వెళ్లిపోయే ఆ నల్ల గొట్టం జోలికి మాత్రం ఎవరూ పోరు. పేర్లు వేయొద్దని కొందరు రాశారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: సార్, ఈమధ్యే పాత తెరచాప పడవ ఒకటి కొన్నాను. 30 అడుగులది, చిన్న డీజిల్ ఇంజన్ ఉంది. నాకు పడవలు కొత్త. ఎగ్జాస్ట్ చూసుకో, చూసుకో అని అందరూ అంటున్నారు. అందులో చూడ్డానికి ఏముంటుంది? కారుకి ఉన్నట్టు ఒక గొట్టం, ఒక సైలెన్సర్, అంతే కదా?

జవాబు: కారు మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. కారు గొట్టంలోంచి పొగ ఒక్కటే పోతుంది. మీ పడవలో పొగా, సముద్రపు నీళ్లూ కలిసి పోతాయి. పడవ అడుగున ఉన్న కుళాయి, అంటే సీకాక్‌లోంచి నీళ్లు లోపలికి వస్తాయి, స్ట్రెయినర్ దగ్గర నాచూ చెత్తా ఆగిపోతాయి, ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఉన్న పంపు ఆ నీళ్లని హీట్ ఎక్స్‌చేంజర్‌లోకి తోస్తుంది, అక్కడ ఇంజన్ వేడి తీసుకుని చివరికి మిక్సింగ్ ఎల్బో అనే వంపు ముక్కలో పొగతో కలుస్తాయి. లోడ్ మీద నడిచే డీజిల్ ఇంజన్ పొగ 400 డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది. నీళ్లు పడగానే ఆ వేడి ఒక్కసారిగా దిగిపోతుంది కాబట్టే అక్కడినుంచి రబ్బరు హోస్ వాడగలుగుతున్నాం. ఆ హోస్ కిందికి దిగి వాటర్‌లాక్ అనే డబ్బాలో కలుస్తుంది. డబ్బాలో నీళ్లు కాస్త నిండగానే వెనకనుంచి వచ్చే పొగ వాటిని పైకి నెట్టేస్తుంది, అవి గూస్‌నెక్ అనే ఎత్తైన వంపు ఎక్కి దిగి పడవ వెనక గోడలోంచి బయట పడతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు వెనక నిలబడితే ఉండుండి నీళ్లు ఉమ్మినట్టు వినిపించేది అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పొగ నీళ్లని బయటికి తోస్తుంది. ఆగాక తోసేవాళ్లెవరూ లేరు. తెరచాప పడవలో ఇంజన్ సాధారణంగా బయటి నీటిమట్టానికి కాస్త అటూ ఇటూగా, చాలాసార్లు కిందనే ఉంటుంది, పైగా గాలికి పడవ పక్కకి ఒరుగుతుంది. నీళ్లు లోపలికి రావడానికి రెండు దారులున్నాయి: వెనక గొట్టంలోంచి ఒకటి, సీకాక్, పంపుల మీదుగా ఎల్బోలోకి ఇంకొకటి. ఎటునుంచి వచ్చినా అవి చేరేది ఇంజన్ ఎగ్జాస్ట్ వాల్వుల గుమ్మంలోకే. అందుకే నేను దీన్ని పొగగొట్టంగా ఎప్పుడూ చూడను, నీటిదారిగానే చూస్తాను.

మీరు చేయాల్సిన పని ఇదీ. ఇంజన్ చల్లారాక ఒక టార్చి, చిన్న అద్దం, ఒక స్పానర్ పట్టుకుని ఇంజన్ దగ్గరనుంచి వెనక గోడ దాకా ఆ దారి వెంట వెళ్లండి. ఎక్కడైనా నల్లటి మసి కనబడితే పొగ కారుతోంది, తెల్లగా ఉప్పు పేరుకుంటే నీళ్లు కారుతున్నాయి, గోధుమరంగు చార కనబడితే ఇనుము తినేస్తోంది. హోస్‌ని రెండు చేతులా పట్టుకుని పిండండి. కొత్త హోస్ గట్టిగా ఉండి నొక్కితే వెనక్కి వస్తుంది. ఒకచోట మెత్తగా లోపలికి పోతున్నా, పిండినప్పుడు పెళపెళమన్నా అది ఎప్పుడో ఒకసారి నీళ్లు లేకుండా కాలిన హోస్, మార్చేయండి. హోస్ దారిలో ఎక్కడా ఉయ్యాలలా వేలాడకూడదు, ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి.

హోస్ చివరల్ని బిగించే పట్టీలు, అంటే క్లాంపుల గురించి విడిగా చెప్పాలి. ప్రతి చివరా రెండేసి ఉండాలి. పైకి స్టెయిన్‌లెస్‌లా తళతళలాడేవి కూడా కింద, హోస్‌కి ఆనుకున్న వైపు తుప్పు పట్టి ఉంటాయి, చేత్తో కదిపితే ఊడి చేతికొస్తాయి. స్క్రూ దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే పట్టీ మంచిదైనా స్క్రూ మాత్రం నాసిరకంది. ఏడాదికోసారి ఒక్కొక్కటీ వదులు చేసి, తిప్పి, అడుగు చూసి మళ్లీ బిగించడం నా అలవాటు. అరగంట పని.

ప్రశ్న: నమస్తే అండీ. మా ఇంజన్ ఇదివరకు 3,000 ఆర్‌పీఎం దాకా హాయిగా వెళ్లేది, ఇప్పుడు 2,400 దగ్గరే ఆయాసపడుతోంది. వెనక నల్లటి పొగ. ప్రొపెల్లర్ శుభ్రం చేయించాం, డీజిల్ ఫిల్టర్లు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కూడా చూశాం. మెకానిక్ ఇంజెక్టర్లు విప్పుదామంటున్నాడు. విప్పమంటారా?

జవాబు: ఆగమనండి. ముందు మిక్సింగ్ ఎల్బో విప్పమనండి. నాలుగు బోల్టులు గానీ, ఒక పెద్ద మర గానీ ఉంటుంది, అంతకంటే కష్టం కాదు. నిజానికి బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తెల్లారి బలం వాడి బోల్టు తల తెంపుకోకుండా ఉంటారు.

ఎందుకు అదంటున్నానో చెప్తాను. నల్ల పొగ అంటే డీజిల్‌కి చాలినంత గాలి అందడం లేదని. గాలి లోపలికి రాకపోయినా అంతే, లోపల కాలిన గాలి బయటికి పోకపోయినా అంతే. బయటికి పోకపోవడం గురించి ఎవరికీ చప్పున తట్టదు. ఎల్బోలో వేడి పొగ మీద చల్లటి ఉప్పునీళ్లు పడేచోట మసి తడిసి గోడకి అతుక్కుంటుంది, ఎండుతుంది, దాని మీద ఇంకో పొర. గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టి బ్యాటరీలు చార్జ్ చేసుకునే పడవల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే లోడ్ లేని డీజిల్ సరిగ్గా కాలదు, మసి ఎక్కువ కక్కుతుంది. నేను విప్పిన ఒక ఎల్బోలో రెండు వేళ్లు పట్టాల్సిన కన్నంలో పెన్సిల్ కూడా సరిగ్గా దూరలేదు. లోపలంతా నల్లగా, రాయిలా గట్టిగా, గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ ఇంజన్ అన్నాళ్లూ ముక్కూ నోరూ మూసుకుని పరిగెత్తిందన్నమాట, పాపం దాని ఓనర్ అప్పటికే ఒక ఇంజెక్టర్ పంపు రిపేరు చేయించి ఉన్నాడు.

విప్పాక మసిని పాత స్క్రూడ్రైవర్‌తో గీకండి. నీళ్లు వచ్చే వైపు గట్టిపడ్డ ఉప్పుకి వెనిగర్‌లో నానబెట్టడం చాలు, మొండిదైతే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, అదీ ఆరుబయట, చేతికి గ్లోవ్స్ వేసుకుని, కొద్దిసేపే. ఎల్బో అల్యూమినియందైతే యాసిడ్ ముట్టించొద్దు. శుభ్రమయ్యాక అసలు పరీక్ష: గోడ ఎంత మందం మిగిలిందో చూడాలి. డీజిల్‌లో ఉండే కాస్త గంధకం కాలి, నీళ్లతో కలిసి యాసిడ్ అవుతుంది, దానికి వేడి ఉప్పునీళ్లు తోడు, ఇక ఏ లోహం మాత్రం ఎంతకాలం తట్టుకుంటుంది? నీళ్లు పడే కన్నానికి సరిగ్గా కింద, వెల్డింగ్ గీతల మీద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడిందంటే దాని పనైపోయింది. చిన్న సుత్తితో తట్టి చూస్తే కూడా తెలుస్తుంది, మంచి పోత ముక్క ఖంగుమంటుంది, లోపల తినేసింది మొద్దుగా, చప్పగా మోగుతుంది.

కొన్ని ఎల్బోలకి గోడ రెండు పొరలుగా ఉంటుంది, మధ్యలో నీళ్లు తిరుగుతాయి. వీటితోనే నాకు భయం. లోపలి పొరకి చిల్లు పడితే బయటికి చుక్క కారదు, చూసినవాళ్లకి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, ఇంజన్ ఆపాక మాత్రం ఆ చిల్లులోంచి నీళ్లు వెనక్కి, సిలిండర్ వైపు జారతాయి. అందుకే నీళ్ల మార్గాన్ని ఒకవైపు బిరడాతో మూసి, రెండోవైపునుంచి నీళ్లు నింపి, పొగ వెళ్లే దారిలోకి తడి వస్తుందేమో ఓ పావుగంట చూడండి.

మళ్లీ బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తదే వేయాలి, పాతదాన్ని తిప్పి వేయడం లాంటి పొదుపులు వద్దు. నా దృష్టిలో ఎల్బో ఇంజన్ భాగం కాదు, ఫిల్టర్ లాంటిది, కొన్నేళ్లకోసారి మార్చేయాల్సిందే. ఒకటి కొత్తది పడవలో పడేసి ఉంచుకోండి, గాస్కెట్‌తో సహా.

ఎల్బో శుభ్రంగా ఉండి కూడా ఆర్‌పీఎం పెరగకపోతే వాటర్‌లాక్‌నీ, హోస్ లోపలి పొరనీ అనుమానించాలి. బ్యాక్ ప్రెషర్, అంటే పొగ బయటికి పోలేక వెనక్కి తోసే ఒత్తిడి, కొలవడం కూడా తేలికే. ఎల్బోకి ముందు ఉండే ప్లగ్ తీసి, అక్కడ జానెడు రాగి గొట్టం పెట్టి, దానికి పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో వంచి సగం నీళ్లు పోసి తగిలించండి. ఇంజన్ లోడ్ మీద ఉన్నప్పుడు రెండు వైపుల నీళ్ల ఎత్తులో తేడా 10 సెంటీమీటర్లుంటే సుమారు ఒక కిలోపాస్కల్. మీ ఇంజన్‌కి ఎంతవరకు పర్వాలేదో మాన్యువల్‌లో ఉంటుంది, టర్బో ఉన్నవాటికి హద్దు తక్కువ.

ప్రశ్న: అన్నా, బ్యాటరీ వీక్‌గా ఉండి ఇంజన్ స్టార్ట్ కాలేదు. ఓ పది పదిహేను సార్లు సెల్ఫ్ కొట్టాను. చివరికి టక్ మని ఆగిపోయింది, ఇప్పుడు అసలు తిరగడం లేదు. స్టార్టర్ మోటార్ పోయిందంటావా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ తాళం తీసి జేబులో పెట్టుకో. మళ్లీ కొట్టకు. స్టార్టర్ పోలేదు, సిలిండర్‌లో నీళ్లున్నాయని నా అనుమానం.

ఏం జరిగిందంటే, నువ్వు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ నీళ్ల పంపు కూడా తిరిగింది. ఇంజన్ రాజుకోలేదు కాబట్టి నీళ్లని బయటికి నెట్టే పొగ లేదు. వాటర్‌లాక్ నిండింది, హోస్ నిండింది, ఎల్బో దాటి వెనక్కి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండర్‌లోకి దిగింది. నీళ్లు గాలిలా నలగవు. అర లీటరు సిలిండర్‌ని తీసుకుని 20:1 కంప్రెషన్‌తో లెక్క వేస్తే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 26 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు కూడా కాదు. అంతకంటే ఎక్కువ నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, ఆ టక్ మన్న చప్పుడు అదే. బలమైన బ్యాటరీ తెచ్చి తగిలించి ఇంకోసారి కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ వీక్‌గా ఉండడమే నీ అదృష్టం అనుకో.

ఇప్పుడు చేయాల్సింది: సీకాక్ మూసెయ్. వాటర్‌లాక్ అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, తీసి నీళ్లు వదిలెయ్. ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్‌లు గానీ విప్పి, క్రాంక్ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పు. కన్నాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, మొహం అడ్డం పెట్టకు. నీళ్లు రావడం ఆగాక ఒక్కో సిలిండర్‌లోకి కాస్త ఆయిల్ పోసి మళ్లీ తిప్పు. డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి కూడా దిగాయి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి, ఆ తెలుపు పోయేదాకా ఎన్నిసార్లయినా. ఇదంతా ఇవాళే చెయ్. ఉప్పునీళ్లు తగిలిన సిలిండర్ గోడ తుప్పు పట్టడానికి వారం అక్కర్లేదు.

నన్ను అడిగితే ఈ తప్పు చేయనివాడు లేడు. నేనూ చేశాను, అదీ పక్కన నిలబడ్డ ముగ్గురికి ఇంజన్ ఎలా స్టార్ట్ చేయాలో పాఠం చెప్తూ. డీజిల్ లైన్‌లో గాలి ఉందని తెలిసి కూడా కొడుతూనే పోయాను, టక్ మన్నాక అందరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆ రోజంతా పడవ అడుగున బిల్జ్‌లో బోర్లా పడుకుని ఇంజెక్టర్లు విప్పాను. అప్పటినుంచీ నా లెక్క ఒక్కటే: రెండుసార్లు కొట్టినా పట్టుకోకపోతే సీకాక్ మూయడం, రాజుకున్న క్షణంలో తెరవడం. మూసినప్పుడు తాళంచెవిని సీకాక్ పిడికే తగిలిస్తాను. తాళం కోసం వెళ్తే సీకాక్ గుర్తొస్తుంది కదా!

ప్రశ్న: ఇంజన్ పైన గోడకి ఒక తలకిందులు యు ఆకారం గొట్టం, దాని నెత్తిన ప్లాస్టిక్ మూత లాంటిది ఉంది. దాంట్లోంచి ఆల్టర్నేటర్ మీద నీళ్లు చిమ్ముతున్నాయి. మా పక్క పడవాయన దాన్ని ఎపాక్సీతో మూసేయమన్నాడు, మూసేయొచ్చా?

జవాబు: మూశారంటే వచ్చే నెల పై ప్రశ్నే మీరూ రాస్తారు. దాన్ని యాంటీ సైఫన్ వాల్వ్ అంటారు. ఎల్బోలో నీళ్లు పడే చోటు బయటి నీటిమట్టం కంటే కనీసం 15 సెంటీమీటర్లు పైకి లేకపోతే ఇది ఉండి తీరాలని చాలా ఇంజన్ల మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. డ్రమ్ములోంచి గొట్టం పెట్టి నోటితో ఒక్కసారి పీలిస్తే డీజిల్ దానంతటదే కారుతూనే ఉంటుంది చూశారా, ఇంజన్ ఆపాక మీ సీకాక్‌నుంచి ఎల్బోకి సరిగ్గా అదే జరుగుతుంది, అరిగిన ఇంపెల్లర్ దాన్ని పూర్తిగా ఆపలేదు. ఈ వాల్వ్ గొట్టం నెత్తిన గాలి లోపలికి పీల్చుకుని ఆ ధార తెంపేస్తుంది. రాత్రంతా మీరు నిద్రపోతుంటే కాపలా కాసేది అదే.

నీళ్లు చిమ్ముతోందంటే లోపల రబ్బరు నాలుక మీద ఉప్పు చేరి సరిగ్గా మూసుకోవడం లేదు. మూత తిప్పి తీయండి, నాలుక బయటికి లాగండి, గోరువెచ్చని మంచినీళ్లలో, ఉప్పు వదలకపోతే వెనిగర్‌లో నానబెట్టి వేలితో రుద్దండి. గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. నాలుక చిరిగినా గట్టిపడినా కొత్తది వేయండి. చిమ్మేది కనబడుతుంది కాబట్టి మీరు ఉత్తరం రాశారు. ఉప్పుతో అతుక్కుపోయి తెరుచుకోనిది మాత్రం ఏ గుర్తూ ఇవ్వదు, అందుకని ఏడాదికి రెండుసార్లయినా విప్పి, నోటితో ఊది చూడండి: ఒకవైపు గాలి పోవాలి, రెండోవైపు పోకూడదు. ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్లు వాల్వ్ తీసేసి అక్కడినుంచి సన్నటి గొట్టం పైకి తీసుకెళ్లి పడవ పక్కగోడలోంచి బయటికి వదులుతారు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ అందులోంచి సన్నగా ధార పడుతుంది, నీళ్లు తిరుగుతున్నాయని కూర్చున్నచోటే తెలుస్తుంది. నాకు అదే ఇష్టం.

ప్రశ్న: ఎగ్జాస్ట్ హోస్ బదులు అదే సైజులో మామూలు నీళ్ల హోస్ వేయొచ్చా?

జవాబు: వద్దండీ. హోస్ మీద ఎస్‌ఏఈ జె2006 అనో, ఐఎస్ఓ 13363 అనో ఎగ్జాస్ట్ హోస్ ప్రమాణం ముద్ర ఉండాలి. జె2006 హోస్ నీళ్లు పూర్తిగా ఆగిపోయినా రెండు నిమిషాలు కూలిపోకుండా తట్టుకోవాలి, ఆ రెండు నిమిషాల్లో మీరు గమనించి ఇంజన్ ఆపాలి. నీళ్ల హోస్ అయితే కరిగి ఊడిపోయి ఇంజన్ గది నిండా పొగ. తొడిగేటప్పుడు రాకపోతే వేడినీళ్లలో చివర ముంచి సబ్బునీళ్లు రాయండి. పాత హోస్ తీసినప్పుడు లోపలికి టార్చి వేసి చూడండి, లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంటే బయటినుంచి ఎంత బాగున్నా పారేయండి.

ప్రశ్న: నమస్కారం అండీ. ఇంజన్ మీద వెళ్లేటప్పుడు కేబిన్‌లో కూర్చుంటే నాకు తలనొప్పి, వికారం వస్తున్నాయి. మా ఆయన సముద్రం పడక అంటున్నారు. కానీ మొన్న నీళ్లు అద్దంలా ఉన్నాయి, అయినా నాకూ మా అబ్బాయికీ ఇద్దరికీ వచ్చింది. తెరచాపల మీద వెళ్తే రావడం లేదు.

జవాబు: అమ్మా, మీరు సరిగ్గా గమనించారు. అలలు లేని రోజున, ఇద్దరికి ఒకేసారి, ఇంజన్ నడిచినప్పుడు మాత్రమే వస్తే అది సముద్రం పడకపోవడం అని నేను అనుకోను. కార్బన్ మోనాక్సైడ్ కాదని తేలేదాకా అదేననుకుని నడుచుకోండి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. డీజిల్ ఇంజన్లు పెట్రోలు వాటికంటే చాలా తక్కువ వదులుతాయి, నిజమే, కానీ తక్కువ అంటే లేదని కాదు, ఇక మీ పడవలో పెట్రోలు జనరేటర్ ఉంటే ముందు దాన్నే పట్టుకోవాలి. మళ్లీ అలా అనిపిస్తే మొట్టమొదట బయటి గాలిలోకి వచ్చేయండి, ఇంజన్ ఆపించండి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లి సంగతి ఇదీ అని చెప్పండి, చెప్పకపోతే వాళ్లు కూడా వాంతుల మందే రాస్తారు.

ఇక మీ ఆయనకి పని. ఇంజన్ మూత తిప్పి దాని లోపలివైపు, చప్పుడు తగ్గడానికి అతికించిన ఫోమ్ మీద చూడమనండి. నల్లగా పొగచూరి ఉంటే సరిగ్గా దానికి ఎదురుగా ఎక్కడో జాయింట్ కారుతోంది. ఎల్బో, మానిఫోల్డ్ (సిలిండర్ల పొగంతా చేరే గొట్టం) కలిసేచోటే ముందు చూడాలి, ఎందుకంటే అక్కడ ఇంకా నీళ్లు కలవలేదు, ఉన్నదంతా ఉత్త పొగ. మూత శుభ్రంగా ఉంటే ఇంకో కారణం ఉంది: పడవ ముందుకు వెళ్తుంటే దాని వెనక గాలి సుడి తిరుగుతుంది, వెనకనుంచి వదిలిన పొగని ఆ సుడి మళ్లీ కేబిన్ గుమ్మంలోకి లాగేస్తుంది. గాలి వెనకనుంచి వీస్తూ పడవతో సమానంగా వస్తున్నప్పుడైతే పొగ మీతోనే ప్రయాణం చేస్తుంది. ముందువైపు డెక్ మీది తలుపు (హ్యాచ్) తెరిచి గాలి ముందునుంచి వెనక్కి పారేలా చూసుకోండి.

పడవల కోసం చేసిన కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట ఒకటి పెట్టించండి. దాని వెనక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే టెస్ట్ బటన్ నొక్కినప్పుడు కూతపెట్టినా నమ్మకండి, బటన్ పరీక్షించేది కూతనే గానీ లోపలి సెన్సర్‌ని కాదు. ఈ ఉత్తరం మీ ఆయనకి చదివి వినిపించండి.

ప్రశ్న: వెనక తెల్లటి పొగ వస్తోంది. టెన్షన్‌గా ఉంది. ఇంజన్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు, టెన్షన్ పడకండి, ముందు ఆ పొగ ఎంతసేపు ఉంటుందో చూడండి. బయటికి రాగానే గాలిలో కరిగిపోతే ఆవిరి. చల్లటి పొద్దున్న అది మామూలే, మిగతా వేళల్లో అయితే నీళ్లు తక్కువ వస్తున్నాయని అర్థం. కరగకుండా నీటి మీద పాకుతూ, కళ్లు మండిస్తూ, కింద నీళ్ల మీద రంగురంగుల జిడ్డు వదిలితే కాలని డీజిల్. తియ్యటి వాసన వస్తూ కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ లేదా హీట్ ఎక్స్‌చేంజర్. నీలం పొగ వేరే కథ, అది ఆయిల్ కాలడం.

ఆవిరే అయితే స్ట్రెయినర్, ఇంపెల్లర్, ఎల్బో, ఈ వరసలో చూసుకుంటూ రండి. ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటే విరిగిన ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి, సాధారణంగా హీట్ ఎక్స్‌చేంజర్ ముఖం దగ్గర ఇరుక్కుని ఉంటాయి. అన్నీ బాగున్న రోజున ఐడిల్‌లో ఒక్క నిమిషం వెనక బకెట్ పెట్టి ఎన్ని లీటర్లు వచ్చాయో ఇంజన్ పుస్తకంలో రాసిపెట్టుకుంటే ఇలాంటప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంకో మాట, ఎల్బో దాటిన జానెడు దూరంలో హోస్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి చటుక్కున లాక్కోవాల్సి వస్తే నీళ్లు చాలడం లేదు. నీళ్లు ఆగితే ఇంజన్ టెంపరేచర్ ముల్లు కదలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, హోస్ మాత్రం నిమిషం తిరక్కుండానే కాగుతుంది. అందుకే హోస్‌కి పట్టీలా చుట్టే టెంపరేచర్ అలారం దొరికితే కొనండి, నా లెక్కలో దండగ ఖర్చు కాని వస్తువుల్లో అదొకటి.

ప్రశ్న: దూర ప్రయాణానికి వెళ్తున్నాం, రోజులకొద్దీ తెరచాపల మీదే. వెనకనుంచి పెద్ద అలలు కొడితే ఎగ్జాస్ట్‌లోకి నీళ్లు పోతాయా?

జవాబు: పోతాయి. గూస్‌నెక్ ఉన్నది అందుకే, కానీ అల ఊపుగా కొట్టినప్పుడు కొద్దికొద్దిగా ఎక్కి దాటుతుంది, అలా రోజుల తరబడి దాటినవన్నీ వాటర్‌లాక్‌లో చేరతాయి. పడవ ఒకవైపుకి బాగా ఒరిగి ఉంటే రెండోవైపు అమర్చిన వాటర్‌లాక్‌ నీళ్లు ఇంజన్ వైపు కూడా జారొచ్చు, అది పడవ మధ్యగీతకి దగ్గర్లో, ఎల్బోకి బాగా కింద ఉండాలనేది ఇందుకే. ఇంకో పడవ మిమ్మల్ని తాడు కట్టి వేగంగా లాక్కెళ్తున్నప్పుడు కూడా ఇదే ప్రమాదం. సీకాక్ బయట చేటలాంటి మూత ముందుకి తిరిగి ఉంటే వేగానికి నీళ్లు పంపు దాటి లోపలికి తోసుకొస్తాయి, అప్పుడు సీకాక్ మూసి ఉంచాలి.

దూరం వెళ్లేవాళ్లు వెనక గోడ దగ్గర హోస్‌కి ఒక బాల్ వాల్వ్ పెట్టించుకుని, తెరచాపలెత్తాక మూసేస్తారు. మంచి పద్ధతే, ఒక్క చిక్కు, తెరవడం మర్చిపోయి ఇంజన్ కొడతారు. ఎవరి మతిమరుపు వాళ్లకి తెలుసు కాబట్టి నేను చెప్పేదేం లేదు గానీ, వాల్వ్ మూసినప్పుడల్లా స్టార్ట్ బటన్ మీద ఒక ముక్క ఎర్ర టేపు అంటించండి. రోజుకోసారి వాటర్‌లాక్ డ్రెయిన్ తీసి ఎన్ని నీళ్లొచ్చాయో చూడండి. ఇంజన్ కొట్టేముందు కూడా ఒకసారి తీయండి, టేపు ఉన్నా లేకపోయినా.